మచ్చ వయసు ఇంకా తొమ్మిది వారాలే

ప్రశ్న: నా వయసు 38. కొత్తపేటలో ఉంటాము, ఒక ప్రైవేటు స్కూల్లో టీచరును. ఇద్దరు పిల్లలు పుట్టాక సాగిపోయి వేలాడుతున్న పొట్టకు ఆగస్టు మొదటి వారంలో టమ్మీ టక్ ఆపరేషన్ చేయించుకున్నాను. అత్తగారింట్లో హెర్నియా ఆపరేషన్ అని చెప్పాము. అసలు సంగతి మా వారికి, మా అమ్మకు మాత్రమే తెలుసు. గాయం మానినప్పుడు సన్నని గీతలా ఉన్న మచ్చ, బతుకమ్మ పండుగ అయ్యేసరికి మధ్యలో ఉబ్బి, నేరేడుపండు రంగుకు తిరిగింది. రాత్రిళ్లు దురదతో నిద్ర ఉండటం లేదు. ఎడమ కొసన చిన్న పొక్కు లేచి అందులోంచి తెల్లని దారం కొస కనిపిస్తోంది. అమ్మ చెప్పిందని విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి రాస్తున్నాను. ఆడపడుచు మెడికల్ షాపులో అడిగి ఒక క్రీము తెచ్చింది, అదీ రాస్తున్నాను. చీము పడుతుందని అమ్మ నాకు పప్పు, గుడ్డు, వంకాయ పెట్టడం లేదు. ఆమెకు చెవి కుట్టిన చోట కీలాయిడ్ (గడ్డలా పెరిగే మచ్చ) ఉంది, నాకూ అదే వస్తుందేమోనని భయంగా ఉంది. ఒక లేజర్ క్లినిక్ వాళ్లు ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ఇప్పుడే డబ్బు కట్టమంటున్నారు. మాఘమాసంలో మా చెల్లి పెళ్లి. నా ఆపరేషన్ చెడిపోయినట్టేనా? మొహం చెల్లక సర్జన్ దగ్గరికి వెళ్లడం కూడా మానేశాను.
— పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: చెడిపోలేదు. మీరు రాసిన రంగు, ఉబ్బు, దురద మూడూ తొమ్మిది వారాల మచ్చకు సాధారణంగా ఉండే లక్షణాలే. అయితే మచ్చను కళ్లారా చూడకుండా చెబుతున్న మాట ఇది, కాబట్టి మీ సర్జన్ చూసి చెప్పే మాటకు దీన్ని తోడుగా మాత్రమే ఉంచుకోండి. క్యాప్సూలు, క్రీము రెండూ ఈ రాత్రి నుంచే ఆపేయండి. దారం కొసను ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకోవచ్చు.

గాయం పైకి మూసుకోగానే పని అయిపోయిందని మనం అనుకుంటాము, కానీ చర్మం లోపల అసలు పని అప్పుడే ఊపందుకుంటుంది. కోసిన చోటును ఎలాగైనా పట్టి నిలపాలన్న తొందరలో శరీరం చర్మానికి బలమిచ్చే కొలాజెన్ అనే పోగులను వరుసా క్రమమూ లేకుండా తెచ్చి కుమ్మరిస్తుంది, వాటికి సరఫరా కోసం కొత్త రక్తనాళాలు కూడా పుట్టుకొస్తాయి. మేస్త్రీ ముందు గోడకు సిమెంటు విసిరికొట్టి, తరవాత చెక్కతో ఈడ్చి చదును చేసినట్టే, ఈ కొలాజెన్‌ను కరిగిస్తూ, మళ్లీ నేస్తూ సరిచేసే పని ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు సాగుతుంది. రెండు మూడు నెలల మధ్య మచ్చ అన్నిటికంటే ఎక్కువ ఉబ్బి, ఎక్కువ రంగుతో కనిపిస్తుంది. మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు ఎరుపుగా కాక ఊదాగానో, ముదురు గోధుమ రంగుగానో కనబడుతుంది గనుక మీరు చెప్పిన నేరేడు రంగు నన్నేమీ కంగారు పెట్టలేదు. మీరు మచ్చను అది అందవిహీనంగా ఉండే రోజుల్లోనే చూసి తీర్పు ఇచ్చేశారు.

ఇంతకూ అది మధ్యలోనే ఎందుకు ఉబ్బింది? ఈ ఆపరేషన్‌లో పొత్తికడుపు కింద ఒక తుంటి ఎముక నుంచి మరో తుంటి ఎముక దాకా కోసి, మిగులు చర్మాన్ని తీసేసి, పైభాగాన్ని కిందికి లాగి కుడతారు. ఆ లాగుడంతా ఎక్కువగా పడేది మధ్యభాగం మీదనే. లాగుడు ఎంత ఎక్కువగా ఉంటే శరీరం అంత ఎక్కువ కొలాజెన్ వేసి ఆ చోటును గట్టిపరచాలని చూస్తుంది. మూడో వారానికి మచ్చకు వచ్చే బలం మామూలు చర్మంలో సుమారు 30 శాతం, మూడు నెలలకు దాదాపు 80 శాతం, ఆ తరవాత ఎన్నేళ్లు గడిచినా అంతకు మించదు. మీరు బతుకమ్మ ఆడి ఉంటే, అది ఈ రెంటికీ మధ్య కాలంలోనే. తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ వంగి లేవడం వల్ల కుట్టు తెగదు, తెగలేదు కూడా. ఆ సాగుడుకు మచ్చ కొంత బిగుసుకుని ఉండవచ్చు, అంతే. ఆడినందుకు నొచ్చుకోకండి. ఇంకో నెల రోజులు మాత్రం నిండు గ్యాస్ సిలిండరును జరపడం, బియ్యం బస్తా ఎత్తడం, ఒళ్లు వెనక్కి విరుచుకోవడం వద్దు.

ఇక్కడ డాక్టర్లు సాధారణంగా అడగని, మీరూ రాయని ఒక ప్రశ్న నేను అడుగుతాను: లంగా నాడా ఎక్కడ కట్టుకుంటున్నారు? టీచరు ఉద్యోగం కనుక రోజూ చీరే కడతారని అనుకుంటున్నాను. ఉదయం ఏడింటికి బిగించిన నాడా సాయంత్రం ఐదు దాకా తుంటి పక్కల మచ్చ కొసలను ఒరుసుకుంటూ ఉంటుంది, బొడ్డు చుట్టూ ఉన్న గుండ్రటి కుట్టు మీద ముడి కూర్చుంటుంది, కుచ్చిళ్లు దోపిన చోట చీర ఐదారు పొరలై చెమట పట్టి నిలుస్తుంది, వీటికి తోడు లోదుస్తుల ఎలాస్టిక్ సరిగ్గా కింది గీత మీదికే వస్తుంది. మామూలు చర్మమే ఏళ్ల తరబడి నాడా ఒరిపిడికి నల్లబడి గాడి పడుతుంటే, రెండు నెలల మచ్చ దురద పెట్టడంలో వింతేముంది? నాడాకు బదులు వెడల్పాటి మెత్తని ఎలాస్టిక్ పట్టీ ఉన్న లంగాకు మారండి, మచ్చ పైదాకా వచ్చే నూలు లోదుస్తులు వాడండి. డాక్టరు ఇచ్చిన బిగుతు బెల్టు ఇంకా వాడుతూ ఉంటే, దాని కుట్టు మచ్చ మీద పడుతోందేమో అద్దంలో చూసుకోండి. ఈ ఒక్క మార్పుతోనే దురద సగం తగ్గినవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మచ్చకు పైన వాడేవాటిలో నమ్మదగిన ఆధారం ఉన్నది సిలికాన్. అది షీటు రూపంలోనూ, జెల్ రూపంలోనూ మన మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. సిలికాన్ చర్మం లోపలికి ఇంకిపోయి పనిచేసే మందు కాదు. కొత్తగా మూసుకున్న చర్మం నుంచి తేమ మామూలు కంటే ఎక్కువగా ఆవిరైపోతూ ఉంటుంది, ఆ పొడితనాన్ని గాయం ఇంకా మానలేదన్న సంకేతంగా తీసుకుని లోపలి కణాలు కొలాజెన్‌ను ఇంకా ఇంకా నేస్తాయి. సిలికాన్ పొర ఆ తేమను పట్టి నిలపడం వల్ల వాటి తొందర తగ్గుతుంది. కాబట్టి ఇది పనిచేయాలంటే రోజులో ఎక్కువ గంటలు ఒంటి మీద ఉండాలి, కనీసం రెండు మూడు నెలలు మానకుండా వాడాలి. వారం వాడి ఫలితం లేదని వదిలేసిన ట్యూబులు ప్రతి ఇంటి ఫ్రిజ్ తలుపులోనూ ఉంటాయి.

మీరు బడికి వెళ్లేటప్పుడు జెల్, ఇంటికి వచ్చాక షీటు వాడుకోవడం మన ఊరి వాతావరణానికి సుఖంగా ఉంటుంది. జెల్‌ను రోజుకు రెండుసార్లు, శుభ్రంగా కడిగి ఆరిన మచ్చ మీద, కనిపించీ కనిపించనంత పలుచగా పూయాలి. నాలుగైదు నిమిషాలు ఆరనిచ్చి వేలితో తాకి చూడండి. వేలికి అంటుకుంటే మందంగా పూశారన్నమాట, అది లంగాకు అంటుకుని పోతుందే తప్ప మచ్చ మీద నిలవదు. షీటును మొదటి రోజు మూడు నాలుగు గంటలతో మొదలుపెట్టి, చర్మం ఒప్పుకుంటే రాత్రంతా ఉంచే దాకా పెంచండి, 12 గంటలకు పైగా ఉంచగలిగితే ఇంకా మంచిది. రోజూ తీసి మెత్తని సబ్బుతో కడిగి, నీడన ఆరబెట్టి, మళ్లీ అదే ముక్కను వాడుకోవచ్చు. చెమటపొక్కులు లేస్తే రెండు మూడు రోజులు షీటు మానేసి జెల్‌తో సరిపెట్టుకోండి. ఈ ఖర్చు బరువనిపిస్తే, మైక్రోపోర్ కాగితపు టేపును మచ్చ పొడవునా అంటించి, కొసలు లేచేదాకా నాలుగైదు రోజులు అలాగే ఉంచడం కూడా మంచి పద్ధతే; అది లాగుడును తగ్గిస్తుంది. దారం బయటపడిన చోట మాత్రం అది పూర్తిగా మానేదాకా వీటిలో ఏదీ పెట్టకండి.

మర్దన కూడా ఇప్పుడు మొదలుపెట్టవచ్చు. రోజుకు రెండుసార్లు, ఐదు నుంచి పది నిమిషాలు, వేలి గోటి కొస తెల్లబడేంత ఒత్తిడితో, మచ్చను కింది కండ మీద అటూ ఇటూ కదుపుతున్నట్టు చేయాలి. పైపైన రుద్దితే ఒరిపిడే మిగులుతుంది. దీనికి మీ ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు. అయ్యాక నూనెను కడిగేయండి, జిడ్డు మీద సిలికాన్ నిలవదు. దురద ఎక్కువైనప్పుడు గోళ్లకు పని చెప్పకుండా, చల్లటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఐదు నిమిషాలు అదిమి పెట్టండి. రాత్రి నిద్ర పట్టకపోతే దురద తగ్గించే మాత్ర ఉంటుంది, అది సర్జన్‌ను అడిగి తీసుకోండి.

విటమిన్ ఇ విషయానికి వస్తే, మీ అమ్మగారి మీద నాకు కోపం లేదు, ఆ మాట నర్సులూ చెబుతారు, అప్పుడప్పుడు డాక్టర్లూ చెబుతారు. కానీ 1999లో అమెరికాలో, చర్మ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ల మచ్చల మీద ఒక చిన్న పరీక్ష చేశారు. ఒకే మచ్చలో సగానికి విటమిన్ ఇ కలిపిన లేపనం, మిగతా సగానికి ఉత్త లేపనం రాసి చూశారు. ఎక్కువమందిలో తేడా ఏమీ లేదు, లేదా విటమిన్ పూసిన సగమే అధ్వానంగా తయారైంది. ముగ్గురిలో ఒకరికి దాని వల్ల దద్దుర్లతో కూడిన అలర్జీ వచ్చింది. మీ దురదలో ఆ క్యాప్సూలు వాటా ఎంతో అది మానేసిన పది రోజుల్లో మీకే తెలుస్తుంది. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు లాంటివి ఇంకా ఎవరైనా సూచించి ఉంటే వాటికీ ఇదే సమాధానం.

ఆడపడుచు తెచ్చిన క్రీము పెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. రాసిన మొదటి వారం దురద తగ్గి, మంచి మందు దొరికిందనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే మచ్చ పక్కనున్న మంచి చర్మం పలుచబడి, తెల్లబడి, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన 2018లోనే వచ్చింది. మన వీధి చివరి షాపులో అది ఎంతవరకు అమలవుతోందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దారం కొస సంగతి. లోపల వేసిన కుట్లు వాటంతట అవే కరిగే రకం. ఒక్కోసారి ముడి ఉన్న చోట శరీరం దాన్ని బయటికి నెడుతుంది, ఒకటి రెండు నెలల మధ్య ఇది తరచుగా జరిగేదే. మొటిమలా లేస్తుంది, రెండు చుక్కల పలుచని చీము రావచ్చు. లాగకండి; లోపలి ముడి ఎంత పొడవుందో మీకు తెలియదు. సర్జన్ రెండు నిమిషాల్లో కత్తిరించి పంపేస్తారు. అయితే చుట్టూ చర్మం వేడిగా ఎర్రగా పాకుతున్నా, జ్వరం వచ్చినా, చీము ధారగా కారుతున్నా, పొట్ట లోపల నీళ్లు కదిలినట్టు అనిపిస్తున్నా మర్నాటి దాకా ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఇళ్లలో ఎంత పాతదో నాకు తెలుసు, మా ఇంట్లోనూ విన్నాను. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. పైగా కొలాజెన్ తయారయ్యేది మాంసకృత్తుల నుంచే, ఆ నేతకు విటమిన్ సి కూడా తప్పనిసరి. 60 కిలోల మనిషికి మామూలు రోజుల్లోనే దాదాపు 50 నుంచి 60 గ్రాముల ప్రొటీన్ అవసరం. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు ఉంటాయి. మిగతాది పప్పు, పెరుగు, చికెన్, చేపల నుంచి రావాలి. చారన్నం మీదనే తొమ్మిది వారాలు గడిపారంటే మీ మచ్చ ఆకలితో పని చేస్తోందని అర్థం. తిన్నప్పుడు ఒంటికి పడదని మీకు ముందే తెలిసి ఉంటే తప్ప వంకాయ కూడా వద్దనడానికి కారణం లేదు. రోజూ పప్పు తినండి, మధ్యాహ్నం ఒక జామకాయ తినండి.

కీలాయిడ్ భయం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు బాధ అక్కడే ఉన్నట్టు అనిపించింది. మచ్చ ఉబ్బడం అంతా కీలాయిడ్ కాదు. కోత గీత లోపలే ఉండి ఉబ్బితే దాన్ని హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. అది మొదటి రెండు నెలల్లో మొదలై, కొన్ని నెలలు పెరిగి, ఆ తరవాత తనంతట తానే చదునవుతూ వస్తుంది. కీలాయిడ్ గీత దాటి మంచి చర్మం మీదికి పీత కాళ్లలా పాకుతుంది, ఆ పేరుకు మూలమైన గ్రీకు మాటకు అర్థం కూడా పీత డెక్కే. అది ఎన్నేళ్లయినా తగ్గదు, కోసి తీసేస్తే ఇంకా పెద్దదై తిరిగి రావచ్చు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువన్న మాట నిజమే. అయితే దానికి ఇష్టమైన చోట్లు చెవి తమ్మెలు, రొమ్ము ఎముక, భుజాలు, దవడ అంచు. పొత్తికడుపు వాటంత కాదు. మీ ఒంటి స్వభావం తెలుసుకోవడానికి ఒక పాత సాక్ష్యం మీ దగ్గరే ఉంది. ఎడమ చేయి భుజం దగ్గర చిన్నప్పటి బి.సి.జి. టీకా మచ్చను చూసుకోండి. అది చిన్న గుంటలా, చదునుగా ఉండి, మీ చెవులు, ముక్కు కుట్టిన చోట్లలో గడ్డలేమీ లేకపోతే, 38 ఏళ్లుగా మీ చర్మం మీ అమ్మగారి దారిలో నడవలేదని ధైర్యం తెచ్చుకోవచ్చు. టీకా మచ్చే బఠానీ గింజలా ఉబ్బి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు ముందుగా చెప్పండి, ఆయన తొందరగా చికిత్స మొదలుపెడతారు.

ఆ చికిత్స సాధారణంగా ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్‌ను మచ్చ లోపలికే సన్నని సూదితో ఎక్కించడం. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి, కొన్ని విడతలు చేస్తారు. ఎక్కించేటప్పుడు నొప్పి ఉంటుంది, మోతాదు మించితే మచ్చ గుంట పడవచ్చు, చుట్టూ తెల్లబడవచ్చు, కొందరికి నెలసరి కూడా ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అవుతుంది. అందుకే సిలికాన్ సరిగ్గా వాడుతూ ఇంకో నాలుగు నుంచి ఆరు వారాలు చూడటం మంచిదని నా అభిప్రాయం. అప్పటికీ ఉబ్బు పెరుగుతూనే ఉంటే ఆలస్యం చేయవద్దు.

లేజర్ ప్యాకేజీకి డబ్బు కట్టకండి. రంగు తగ్గించడానికి, గరుకును చదును చేయడానికి వేర్వేరు లేజర్లు ఉన్నాయి, అవి కొందరికి బాగానే పనిచేస్తాయి. కానీ మన రంగు చర్మం మీద శక్తి కాస్త ఎక్కువైనా కాలి నల్లమచ్చ మిగులుతుంది. మీ సర్జన్ మచ్చను చూడకముందే ఆరు సిట్టింగులు కావాలని లెక్క చెప్పినవాళ్లు మచ్చ కంటే రసీదు పుస్తకాన్నే ఎక్కువగా చూశారని నా అనుమానం. ఆరో నెలలో అవసరమనిపిస్తే, ముందు ఒక మూల పరీక్షించి చూపమని అడిగి, సిట్టింగుకు సిట్టింగు లెక్కన కట్టండి. ఎండ విషయం మీకు అంతగా పట్టేది కాదు, మీ మచ్చ బట్టల కింద ఉంటుంది. ముఖం మీదనో, ముంజేతి మీదనో మచ్చ ఉన్న పాఠకులు మాత్రం ఏడాది పాటు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. స్కూటీ మీద వెళ్లేటప్పుడు చుట్టుకునే పలుచని చున్నీని ఎండ దాటుకుని వస్తుంది.

ఇక మొహం చెల్లకపోవడం. అత్తగారింట్లో ఏం చెప్పారన్నది మీ ఇంటి సంగతి. ఈ ఆపరేషన్‌లో కాన్పులకు విడిపోయిన పొట్ట కండరాలను కూడా సాధారణంగా దగ్గరికి చేర్చి కుడతారు గనుక, మీరు చెప్పినది మొత్తం అబద్ధమూ కాదు. కానీ ఆ రహస్యం వల్ల, సంగతి తెలిసిన సర్జన్‌ను వదిలేసి, తెలియని ఆడపడుచు చేతి క్రీము రాసుకునే పరిస్థితి వచ్చింది. సర్జన్‌కు తొమ్మిదో వారపు మచ్చ కొత్త కాదు, ఆయన మిమ్మల్ని తప్పు పట్టరు. ఏమేం రాశారో పెట్టెలతో సహా చూపించండి. ఏ కారణం చేతనైనా ఆయన దగ్గరికి వెళ్లలేకపోతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ, నిమ్స్‌లోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. డిశ్చార్జి కాగితాలు పట్టుకుని అక్కడి ఓపీకి వెళ్లవచ్చు.

మాఘమాసం నాటికి మీ మచ్చకు ఆరు నెలలు నిండుతాయి. అప్పటికి దురద చాలావరకు పోయి, ఉబ్బు దిగడం మొదలై ఉండాలి. రంగు మాత్రం ఇంకా ఉంటుంది, దానికి మరో ఆరు నెలలు కావాలి. ప్రతి నెల ఒకటో తేదీన, అదే కిటికీ పక్కన, అదే వెలుతురులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, రోజూ అద్దంలో చూసే కంటికి తెలియని మార్పు అందులో తెలుస్తుంది. పెళ్లి రోజు ఉదయం స్నానమయ్యాక జెల్ పలుచగా పూసి, పూర్తిగా ఆరాకే చీర మొదలుపెట్టండి. బరువైన పట్టుచీర నిలవదని ఎవరెంత చెప్పినా నాడా లంగా కట్టుకోకండి. వెడల్పాటి పట్టీ లంగా మీద నాలుగు పిన్నులు ఎక్కువ పెడితే ఆ చీరా నిలుస్తుంది.